బ్రేక్ పెడల్ పలకకు తగులుతోందా? మోడల్ టీ ఫోర్డులో అరిగిన బ్యాండ్లను పట్టుకునేదెలా

నూరేళ్లకు దగ్గరపడిన కారు. ఇంజిన్ బాగానే తిరుగుతోంది, టైర్లలో గాలి ఉంది, రంగు మెరుస్తోంది. తీరా రోడ్డెక్కించి ఎడమ పెడల్ తొక్కితే ఇంజిన్ రొద పెడుతుంది గానీ బండి ముందుకు కదలదు. కుడి పెడల్ తొక్కితే అది కాలి కింది చెక్కపలక దాకా పోతుంది గానీ బండి ఆగదు. ఫోర్డ్ మోడల్ టీ నడిపేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే తంటా ఇది. చాలాసార్లు కారణం ఒక్కటే. ట్రాన్స్‌మిషన్ లోపల ఉండే బ్యాండ్ల లైనింగ్ అరిగిపోయి ఉంటుంది.

బండి కదలకపోతే మహా అయితే ఆ పూట ప్రయాణం మానుకుంటాం. ఆగకపోతే మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది. మామూలు కార్లలో బ్రేకు చక్రాల దగ్గర ఉంటుంది, గేర్లతో దానికి సంబంధం లేదు. మోడల్ టీలో అలా కాదు. కాలి బ్రేకు కూడా గేర్‌బాక్సులోనే ఉంది. అందుకే ఈ కారులో బ్యాండ్లు అరగడాన్ని 'తర్వాత చూద్దాంలే' అని వదిలేయకూడదు.

అంత పాత కారు గురించి ఇప్పుడెందుకు అనిపించవచ్చు. 1908 నుంచి 1927 మే వరకు ఒకటిన్నర కోటి పైగా తయారైన బండి ఇది. వాటిలో చాలా ఇంకా నడుస్తున్నాయి. అమెరికాలో డెట్రాయిట్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది కొత్తేమీ కాదు. డియర్‌బోర్న్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌కు పిల్లల్ని తీసుకెళ్తే మోడల్ టీలో ఎక్కించి తిప్పుతారు. అదే రాష్ట్రంలో హికరీ కార్నర్స్ అనే ఊళ్లోని గిల్మోర్ మ్యూజియంలో దాన్ని నడపడమే నేర్పిస్తారు. ఆ సరదా చూసి, పాత బండి ఒకటి కొనుక్కుంటే ఎలా ఉంటుందా అని ఆలోచించేవాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లు ఇంజిన్ చప్పుడు విని మురిసిపోయే ముందు చూడాల్సింది ఈ బ్యాండ్లనే.

మన దేశానికీ ఈ కారు వచ్చింది. బ్రిటిష్ పాలనలోని దేశాలకు ఫోర్డు కార్లు ఎక్కువగా కెనడా ఫోర్డు కంపెనీ ద్వారా అందేవి. ఇప్పుడు మన దగ్గర యాభై ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలు వస్తాయి. అయితే అలాంటి బండిని రోజువారీ పనులకు, కిరాయికి తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో మాత్రమే బయటికి తీయాలి. అంటే ఏడాదిలో చాలా రోజులు షెడ్డులోనే ఉంటుంది. ఊరికే నిలబడి ఉన్న బండిలో లైనింగ్ ఎంత మిగిలిందో ఎవరికీ గుర్తుండదు.

మూడు పెడళ్లు, మూడు పట్టీలు

మోడల్ టీలో యాక్సిలరేటర్ పెడల్ లేదు. స్టీరింగ్ కింద కుడివైపు చిన్న లివర్‌తో పెట్రోలు పెంచుతారు, ఎడమవైపు లివర్‌తో స్పార్కును ముందుకు వెనక్కు జరుపుతారు. కింద మూడు పెడళ్లున్నాయి. ఎడమది పూర్తిగా తొక్కితే లో గేరు. సగం తొక్కితే న్యూట్రల్. కాలు తీసేస్తే హై గేరు. మధ్యది రివర్స్. కుడిది బ్రేకు. చాలా బండ్లలో పెడల్ మీదే సీ, ఆర్, బీ అనే ఇంగ్లీషు అక్షరాలు పోతపోసి ఉంటాయి. ఇవి కాక చేతి లివర్ ఒకటి. అది పూర్తిగా వెనక్కి లాగితే వెనక చక్రాల బ్రేకు పడుతుంది, సగంలో ఉంటే న్యూట్రల్, ముందుకు తోస్తే హై గేరుకు దారి ఇస్తుంది.

మన కార్లు నడిపే అలవాటుతో కూర్చుంటే కుడి కాలు బ్రేకును యాక్సిలరేటర్ అనుకుని తొక్కేస్తుంది. ఎడమ కాలు క్లచ్ అనుకుని తొక్కితే బండి ముందుకు దూకుతుంది. ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా దీని ముందు లెర్నింగ్ లైసెన్సు కుర్రాడే.

ఇక లోపలి సంగతి. ఇంజిన్ వెనక, ఫ్లైవీల్‌ను ఆనుకుని ఒకదాని వెనక ఒకటి మూడు ఇనుప డ్రమ్ములు ఉంటాయి. ముందున్నది రివర్స్‌ది, మధ్యది లో గేరుది, వెనకది బ్రేకుది. ఒక్కో డ్రమ్ము చుట్టూ ఒక స్టీలు పట్టీ. దాన్నే బ్యాండ్ అంటారు. బ్యాండు లోపలివైపు గుడ్డ లైనింగ్ వేసి రివిట్లు కొట్టి ఉంటుంది. పెడల్ తొక్కితే బ్యాండు రెండు చెవులూ దగ్గరికి వచ్చి డ్రమ్మును బిగించి పట్టుకుంటాయి. వదిలితే స్ప్రింగు వాటిని విడదీస్తుంది. అంతే. ఇందులో గేర్లు మార్చేటప్పుడు పళ్లు ఒకదానికొకటి తగిలి కరకరలాడే పనే లేదు. అన్ని గేర్లూ ఎప్పుడూ కలిసే ఉంటాయి. ఏ డ్రమ్మును ఆపామన్నదాన్ని బట్టి బండి నడక మారుతుంది.

డ్రమ్మును పట్టుకుంటే వేగం ఎలా మారుతుంది? లెక్క చేసి చూస్తే తెలిసిపోతుంది. ఫ్లైవీల్ మీద మూడు పిన్నులున్నాయి. ఒక్కో పిన్ను మీద మూడు గేర్లు కలిపేసిన జట్టు తిరుగుతుంది. ఆ మూడింటి పళ్లు 27, 33, 24. అవి నడుమ ఉన్న మూడు గేర్లతో కలిసి ఉంటాయి. 27 పళ్లది చక్రాలకు పోయే షాఫ్టుది. 21 పళ్లది లో డ్రమ్ముది. 30 పళ్లది రివర్స్ డ్రమ్ముది. ఇప్పుడు లో డ్రమ్మును బ్యాండు పట్టుకుందనుకోండి. ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే 33 పళ్ల గేరు కదలని 21 పళ్ల గేరు చుట్టూ దొర్లుతుంది. దాంతో షాఫ్టుకు దక్కాల్సిన ఒక చుట్టులో 33కు 21 వంతులు కోత పడుతుంది. మిగిలేది 33కు 12 వంతులు. అంటే ఇంజిన్ 11 చుట్లు తిరిగితే షాఫ్టు 4 చుట్లు తిరుగుతుంది. వేగం తగ్గి బలం 2.75 రెట్లు అవుతుంది. రివర్స్ డ్రమ్మును పట్టుకుంటే కోత 24కు 30 వంతులు. ఉన్నదానికన్నా కోతే ఎక్కువైంది కాబట్టి షాఫ్టు వెనక్కి తిరుగుతుంది. ఇంజిన్ 4 చుట్లకు షాఫ్టు ఒక చుట్టు, అదీ ఎదురు దిశలో.

ఈ లెక్కంతా డ్రమ్ము పూర్తిగా ఆగితేనే. లైనింగ్ జారి డ్రమ్ము కొంచెం కొంచెం తిరుగుతూ ఉంటే షాఫ్టుకు అందే బలం వేడిగా మారి ఆయిల్‌లో కలిసిపోతుంది.

అరిగిన లైనింగ్ ఎక్కడికి పోతుంది?

బ్యాండ్లు ఇంజిన్ ఆయిల్‌లోనే పనిచేస్తాయి. మన మోటార్‌సైకిళ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి కదా, అలాంటిదే. మోడల్ టీలో ఆయిల్ పంపు లేదు, ఫిల్టరు లేదు. దాదాపు నాలుగు లీటర్ల ఆయిల్‌ను ఫ్లైవీలే తిరుగుతూ పైకి చిమ్ముతుంది. అందులో కొంత ఒక సన్నని గొట్టంలో పడి ఇంజిన్ ముందు భాగానికి పారుతుంది. నూలు లైనింగ్ అరిగినప్పుడు వచ్చే పోగులు ఈ ఆయిల్‌లోనే తేలుతుంటాయి. లెక్కల పుస్తకంలో తరుగుదల ఒక అంకె. ఇక్కడ తరుగుదల కంటికి కనిపించే పీచు.

ఆ పీచు గొట్టంలో ఇరుక్కుంటే ఇంజిన్ ముందు భాగానికి ఆయిల్ అందదు. బేరింగు పోయాక తెలిస్తే ఖర్చు మామూలుగా ఉండదు. ఇంకో చోటు ఉంది. ఫ్లైవీల్ మీద అయస్కాంతాలు బిగించి తయారుచేసిన మాగ్నెటో ఈ కారుకు కరెంటు ఇస్తుంది. దాని కాంటాక్టు ట్రాన్స్‌మిషన్ మూత పైభాగాన ఉంటుంది. దాని కింద పీచు, మడ్డి పేరుకుంటే స్పార్కు బలహీనపడుతుంది. బ్యాటరీ మీద బాగా నడిచి, మాగ్నెటోకు మార్చగానే ఇంజిన్ తడబడుతుంటే కాయిళ్లనూ ప్లగ్గులనూ విప్పేముందు ఈ కాంటాక్టును ఒకసారి బయటికి తీసి తుడిచి చూడాలి. బ్యాండ్లు అరుగుతున్నాయన్న కబురు కొన్నిసార్లు ఇలా అడ్డదారిలో అందుతుంది.

ఆయిల్ మార్చేటప్పుడు పాత ఆయిల్‌ను పాత గుడ్డ మీద వడకట్టి చూడటం మంచి అలవాటు. నాలుగు పోగులు కనిపిస్తే కంగారు అక్కర్లేదు. గుప్పెడు పీచు వస్తే, అందులో ఇత్తడి రంగు పొడి గానీ రివిట్ ముక్క గానీ ఉంటే మాత్రం బండిని అక్కడే ఆపేయాలి.

జారుతున్నది ఏది?

ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. ఇంజిన్ రొద పెరిగి బండి వేగం పెరగకపోతే వెంటనే బ్యాండ్లు అనేస్తారు. ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది ఏ గేరులో జరుగుతోంది?

హై గేరులో, అంటే ఎడమ కాలు తీసేసి నడుపుతున్నప్పుడు జారితే అది బ్యాండు తప్పు కాదు. హై గేరులో లో బ్యాండుకు, రివర్స్ బ్యాండుకు పనే లేదు. అప్పుడు పట్టు ఇచ్చేది పలుచని స్టీలు పళ్లేల క్లచ్. దాని మీద మూడు వేళ్లలాంటి భాగాలుంటాయి. ఆ వేళ్ల స్క్రూలను మూడింటినీ సమానంగా బిగించుకోవాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయితే క్లచ్ ఒక పక్కకు లాగుతుంది. స్క్రూలు కదలకుండా ఉండే పిన్నులను మళ్లీ పెట్టడం మరిచిపోతే అవి ఊడి లోపల పడతాయి.

లో గేరులో మాత్రమే జారితే అప్పుడు లో బ్యాండు మీద అనుమానం సరైనదే. పెడల్ ఎక్కడిదాకా పోతోందో చూడాలి. పలకకు తగిలి ఆగిపోతుంటే బ్యాండు పూర్తిగా బిగుసుకోకముందే పెడల్‌కు చోటు అయిపోయిందన్నమాట. సర్దుబాటు స్క్రూ తిప్పితే సరిపోవచ్చు. పెడల్ పలకకు ఇంకా పైనే గట్టిగా ఆగి, అయినా బండి జారుతుంటే వ్యవహారం వేరు. లైనింగ్ మాడి గాజులా నున్నబడి ఉండాలి, లేదా డ్రమ్ము పాడై ఉండాలి.

స్క్రూ తిప్పుతూ తిప్పుతూ చివరికి వచ్చేసి, ఇంకా వదులుగానే ఉంటే లైనింగ్ అయిపోయినట్టే. ఇక తిప్పడానికి ఏమీ లేదు. బ్యాండు పడినప్పుడు ఇనుము ఇనుమును గీకిన చప్పుడు వస్తే రివిట్ తలలు బయటపడి డ్రమ్మును చెక్కుతున్నాయి. లైనింగ్ మార్చుకోవచ్చు. చెక్కేసిన డ్రమ్మును మార్చాలంటే ఇంజిన్ దించాలి.

ఒక్కోసారి జారడం ఉండదు, వణుకు ఉంటుంది. లో పెడల్ తొక్కగానే బండి గడగడా ఊగి, ఆ తర్వాత కదులుతుంది. లైనింగ్ గట్టిపడినా, బ్యాండు గుండ్రంగా లేక కోడిగుడ్డు ఆకారానికి వచ్చినా, డ్రమ్ము ఉపరితలం సమానంగా లేకపోయినా ఇలా అవుతుంది. దీనికి స్క్రూ బిగించడం మందు కాదు, వణుకు ఇంకా పెరుగుతుంది.

మరో చిక్కు. బ్యాండ్లు కొత్తవి, సర్దుబాటు సరిగానే ఉంది, అయినా పెడల్ పలకకు తగులుతూనే ఉంటుంది. అప్పుడు పెడల్ షాఫ్టులను చూడాలి. పెడల్‌ను తొక్కితే బ్యాండు చెవులను దగ్గరికి నెట్టే ఏటవాలు భాగాలు కూడా ఇన్నేళ్లలో అరుగుతాయి. షాఫ్టు బుష్షులు వదులవుతాయి. పెడల్ ప్రయాణంలో సగం ఆ సందుల్లోనే పోతుంది. లైనింగ్ మీద లైనింగ్ మార్చినా తగ్గని జబ్బు ఇది.

బిగించడం, అతిగా బిగించడం

లో బ్యాండు సర్దుబాటుకు మూత విప్పనక్కర్లేదు. ట్రాన్స్‌మిషన్ మూతకు కుడివైపు బయటే ఒక స్క్రూ, దానికి లాక్ నట్టు ఉంటాయి. నట్టు వదులు చేసి స్క్రూను కుడివైపు కొంచెం తిప్పి, మళ్లీ నట్టు బిగించాలి. ఊళ్లో ఆగుతూ సాగుతూ తిరిగే బండికి ప్రతి బయలుదేరడంలోనూ బరువు మోసేది ఈ బ్యాండే.

రివర్స్, బ్రేకు బ్యాండ్లకు మాత్రం చెక్కపలకలు తీసి, ట్రాన్స్‌మిషన్ మూత మీది చిన్న తలుపును విప్పాలి. దానికి ఆరు బోల్టులు. లోపల షాఫ్టుల చివర నట్లు కనిపిస్తాయి. వాటిని కుడివైపు తిప్పితే బ్యాండు బిగుస్తుంది. తలుపు తెరవగానే చేయాల్సిన మొదటి పని స్పానరు పట్టుకోవడం కాదు. డ్రమ్ముల చుట్టూ ఉన్న సందుల్లో శుభ్రమైన గుడ్డ కుక్కడం. ఒక నట్టో వాషరో చేయిజారి కింద పడితే అది ఫ్లైవీల్ దాకా పోతుంది. అక్కడ తిరుగుతున్న అయస్కాంతాలకూ మాగ్నెటో కాయిళ్లకూ మధ్య సందు చాలా సన్నం. అందులో ఇనుప ముక్క పడ్డాక స్టార్ట్ చేస్తే కాయిళ్లు నుజ్జవుతాయి. పడిందన్న అనుమానం ఉన్నా సరే, అది చేతికి దొరికేదాకా ఇంజిన్ తిప్పకూడదు. తెలిసిన మెకానిక్కులు పనిముట్లకు కూడా దారం కట్టుకుని దిగుతారు. పని అయ్యాక గుడ్డను బయటికి తీయడం గుర్తుండాలంటే దాని కొస తలుపు బయటికి వేలాడేలా ఉంచాలి.

ఎంత బిగించాలి? పెడల్ గట్టిగా పట్టు ఇచ్చేసరికి పలకకు కనీసం ఒక అంగుళం ఎడం మిగలాలి. బ్రేకు పెడల్‌ను ఒక్కసారిగా నొక్కితే వెనక చక్రాలు ఆగిపోయేంత పట్టు ఉండాలి. అదే సమయంలో కాలు తీసేస్తే ఏ బ్యాండూ డ్రమ్ముకు రాసుకోకూడదు. కొంచెం కొంచెంగా తిప్పి, ప్రతిసారీ చూసుకుంటూ పోవడమే పద్ధతి.

వదులుగా ఉన్న బ్యాండు కన్నా అతిగా బిగించిన బ్యాండే ఎక్కువ నష్టం చేస్తుంది. వదులుగా ఉంటే పెడలే చెబుతుంది. బిగువుగా ఉంటే పెడల్ బ్రహ్మాండంగా ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ హై గేరులో పోతున్నంతసేపూ బ్యాండు డ్రమ్మును రాస్తూనే ఉంటుంది. బ్రేకు వేసుకుని నడిపినట్టే. ఇంజిన్ వేడెక్కుతుంది, రేడియేటర్ పొగలు కక్కుతుంది, లైనింగ్ మాడుతుంది, డ్రమ్ము పగలొచ్చు. రేడియేటర్ కడిగించి, ఫ్యాను బెల్టు మార్చి, అయినా వేడి తగ్గడం లేదని తల పట్టుకునే ముందు బ్యాండ్లు రాసుకుంటున్నాయేమో చూసుకోవాలి.

లో బ్యాండు బిగువైతే ఇంకో ముప్పు. చేతి లివర్ న్యూట్రల్‌లో ఉన్నా బండి మెల్లగా ముందుకు పాకుతుంది. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే బండి ఇది, తిప్పే మనిషి దాని ముందే నిలబడతాడు. చలిలో చిక్కబడ్డ ఆయిల్ క్లచ్ పళ్లేలను అంటించినా ఇలాగే పాకుతుంది. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ఇంజిన్ వేడెక్కాక పాకడం ఆగిపోతే ఆయిల్ చిక్కదనం, వేడెక్కాకా పాకుతూనే ఉంటే బ్యాండో క్లచ్ సర్దుబాటో. ఏదైనా సరే, చేతి లివర్ పూర్తిగా వెనక్కి లాగి, చక్రాల ముందు రాయో చెక్కదిమ్మో పెట్టకుండా హ్యాండిల్ ముట్టుకోకూడదు. పిల్లల్ని బండి ముందు నిలబెట్టి ఫోటోలు తీసే సరదా ఇంజిన్ ఆపాకే.

లైనింగ్ మార్చడం

1926 మోడల్ నుంచి ఫోర్డు బ్రేకు బ్యాండును వెడల్పు చేసింది. చెవి ఊడదీయగలిగే బ్యాండ్లు కూడా వచ్చాయి. అలాంటివాటిని తలుపులోంచే బయటికి లాగి, కొత్తవి చుట్టి పెట్టొచ్చు. పాత రకం బ్యాండ్లలో చెవులు అంటుకునే ఉంటాయి. వాటికి ట్రాన్స్‌మిషన్ మూత మొత్తం ఎత్తాలి. ఎత్తాక కూడా బ్యాండు నేరుగా రాదు. దాన్ని ఫ్లైవీల్ వైపు, ఆ మూడు గేర్ల జట్ల మీదికి జరిపి, నోరు కిందికి వచ్చేలా తిప్పి అప్పుడు పైకి తీయాలి. చెవులు తిరగడానికి చోటు ఉన్నది అక్కడొక్కటే. మళ్లీ పెట్టేటప్పుడు మూడు బ్యాండ్ల చెవులనూ ఒక తాడుతో నిలువుగా కట్టి ఉంచితే మూత దించేటప్పుడు పెడల్ షాఫ్టులు చెవుల గాళ్లలో సరిగ్గా కూర్చుంటాయి. క్లచ్‌ను జరిపే రింగు దాని వెనక గాడిలో పడిందో లేదో అప్పుడే చూసుకోవాలి. మూత బిగించాక గుర్తొస్తే పని మళ్లీ మొదటికే.

మన దగ్గర లారీలకు బ్రేక్ లైనర్లు రివిట్లు కొట్టి వేసే షాపులు చూసినవాళ్లకు లైనింగ్ వేయడం కొత్త కాదు. ముందు బ్యాండును గుండ్రంగా సరిచేయాలి. లైనింగ్ రెండు కొసలనూ ముందు బిగించి, తర్వాత మధ్యలో కొడితే అది బ్యాండు వంపుకు అతుక్కుని కూర్చుంటుంది. రివిట్ తల లైనింగ్‌లోకి మునిగి ఉండాలి. వేలితో తడిమితే ఎక్కడా గరుకు తగలకూడదు.

ఏ లైనింగ్ వేయాలన్న దాని మీద మోడల్ టీ వాళ్లు తెల్లవార్లూ వాదించుకుంటారు. నూలుది చవక, డ్రమ్ముకు మెత్తన, పట్టు సాఫీగా ఉంటుంది. కానీ తొందరగా అరిగి పీచు రాలుస్తుంది. కెవ్లార్ చాలాకాలం ఉంటుంది, పీచు బాధ లేదు. అయితే అది వేడికి లొంగదు కాబట్టి ఆ దెబ్బ డ్రమ్ము మీద పడుతుంది. బ్యాండు బిగువుగా ఉన్నా, పెడల్‌ను సగం తొక్కి జార్చే అలవాటు ఉన్నా డ్రమ్ము పగుళ్లివ్వొచ్చు. చెక్క లైనింగులు కూడా ఉన్నాయి. మన్నిక బాగుంటుంది, డ్రమ్మును పాడుచేయవు. అమర్చడానికి మాత్రం ఓపిక కావాలి. నూలైనా చెక్కైనా ముందు ఆయిల్‌లో నానబెట్టాకే వేయాలి. నెలకోసారి బయటికి తీసే బండికి, అందులోనూ నడపడం కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు నూలే మేలు. అది తప్పును తన మీద వేసుకుని అరుగుతుంది, డ్రమ్మును కాపాడుతుంది.

పాత లైనింగ్ విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ కాలపు కొన్ని బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. మన ఇళ్ల మీది పాత సిమెంటు రేకుల్లో ఉండేదే. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత జబ్బుగా బయటపడుతుంది. ఏ కాలంలో వేసిన లైనింగో తెలియకపోతే ఆస్‌బెస్టాస్ ఉందనుకునే పనిచేయాలి. కంప్రెసర్ గాలి కొట్టడం, పొడిగా గీకడం వద్దు. తడిగుడ్డతో తుడిచి, కవర్లో కట్టి పారేయాలి. ఇంట్లోని చీపురుతో ఊడ్చే పని అసలే వద్దు.

బ్యాండు మార్చినా ఆగకపోతే

కొత్త బ్యాండు వేశాం, సర్దుబాటు చేశాం, ఇక బ్రేకుకు ఢోకా లేదనుకోవడం ప్రమాదం. బ్రేకు బ్యాండు ఆపేది చక్రాన్ని కాదు, షాఫ్టును. ఆ పట్టు చక్రాలకు చేరాలంటే జాయింటు, షాఫ్టు, వెనక యాక్సిల్ గేర్లు అన్నీ బాగుండాలి. వెనక యాక్సిల్ లోపల మెత్తని బాబిట్ లోహంతో చేసిన వాషర్లుండేవి. అవి నూరేళ్లకు పొడిపొడి అవుతాయి. అప్పుడు గేరు పళ్లు ఒకదాన్నొకటి వదిలేసి పక్కకు జరుగుతాయి. బండి కదలదు, దిగుడులో ఉంటే కాలి బ్రేకుకు ఆగదు కూడా. పాత బండి కొన్నవాళ్లు యాక్సిల్ విప్పించి ఈ వాషర్లను కంచువాటితో మార్పించడం బ్యాండ్ల కన్నా ముందు చేయించాల్సిన పని. వెనక చక్రాలకు విడిగా అదనపు బ్రేకులు బిగించుకునేవాళ్లూ ఉన్నారు. పాత రూపం చెడిపోతుందని కొందరు ఒప్పుకోరు. పిల్లల్ని ఎక్కించుకుని ట్రాఫిక్‌లోకి వెళ్లే బండికి రూపం గురించి పట్టింపు ఎందుకో అర్థం కాదు.

చేతి లివర్ బ్రేకు దారి వేరు, అది నేరుగా వెనక చక్రాల డ్రమ్ముల్లో పడుతుంది. కాబట్టి ఏ పరీక్షకైనా ముందు అది పనిచేస్తోందో లేదో చూడాలి. ఇంజిన్ ఆపి, చదునైన చోట ఇద్దరు బండిని నెడుతుంటే ఒకరు లివర్ లాగి చూడొచ్చు. ఆ తర్వాత అలాగే కాలి బ్రేకు. రెండూ పట్టాకే ఇంజిన్ మీద, ఖాళీ మైదానంలో, మెల్లగా. నడుస్తుండగా కాలి బ్రేకు జారితే లో పెడల్‌ను గానీ రివర్స్ పెడల్‌ను గానీ మెల్లగా తొక్కి వేగం తగ్గించవచ్చు. ఆ రోజుల్లో డ్రైవర్లు మూడు బ్యాండ్లూ సమానంగా అరగాలని మామూలుగానే అలా చేసేవారు. షాఫ్టో యాక్సిలో విరిగితే మాత్రం మూడూ దండగే, అప్పుడు చేతి లివరే దిక్కు.

కొత్త లైనింగ్ పడ్డాక మొదటి కొన్ని పదుల మైళ్లలోనే అది నలిగి కూర్చుంటుంది, పెడల్ మళ్లీ కిందికి జారుతుంది. అది లోపం కాదు. ఇంకోసారి తలుపు తెరిచి మూడింటినీ సర్దాలి. అదే ఊపులో వేడివేడిగా ఉన్న ఆయిల్‌ను దించేసి, మొదట రాలిన పీచు అందులో పోయేలా చేసి, కొత్త ఆయిల్ పోసుకోవాలి. ఫ్లైవీల్ గూడు వెనక ఒకదాని పైన ఒకటి రెండు చిన్న కుళాయిలుంటాయి. ఆయిల్ పై కుళాయిని మించకూడదు, కింది కుళాయికి తగ్గకూడదు.

లో గేరులో బయలుదేరేటప్పుడు పెడల్‌ను గట్టిగా చివరిదాకా తొక్కి పట్టాలి, సగంలో నానబెట్టకూడదు. దిగుడు వస్తే పెట్రోలు లివర్ మూసేసి ఇంజిన్ బరువుతోనే దిగాలి. మరీ నిటారుగా ఉంటే దిగుడు మొదలుకాకముందే లో గేరులోకి రావాలి. అక్కడిదాకా వేగంగా వచ్చి, మధ్యలో బ్రేకు మీద కాలు నొక్కిపెట్టి కూర్చుంటే కొత్తగా వేసిన లైనింగ్ ఆ కొండ కిందికి చేరేసరికే మాడిన వాసన వేస్తుంది.